బిల్లు కట్టినా గేటు ఎందుకు అరుస్తుంది?

ప్రశ్న: సార్, మాది పటమట. పోయిన నెల బందరు రోడ్డులో ఒక పెద్ద బట్టల షాపులో మా పాపకి రెండు ఫ్రాకులు, మా ఆయనకి ఒక షర్టు తీసుకుని బిల్లు కట్టి బయటికొస్తుంటే గుమ్మం దగ్గర నిలబెట్టిన స్తంభాలు కుయ్యి కుయ్యిమని మొదలెట్టినయ్. బిల్లింగ్ లైన్లో ఉన్న జనమంతా నావైపే చూశారు, తల కొట్టేసినట్టయింది. సెక్యూరిటీ అబ్బాయి కవరు లాక్కుని అన్నీ బయటికి తీశాడు, హ్యాండ్‌బ్యాగ్ కూడా బోర్లించమన్నాడు. ఏమీ దొరకలేదు. చివరికి "సరే మేడం వెళ్ళండి, ఒక్కోసారి అట్టానే మోగుద్ది" అన్నాడు, సారీ కూడా లేదు. ఒక్కోసారి అట్టానే మోగేదైతే నన్నెందుకు నిలబెట్టినట్టు? అసలు అది దేన్ని చూసి అరుస్తుంది, నా చేతికున్న గాజుల్నా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు గాజుల్ని ఈ కేసులోంచి విడుదల చేసేద్దాం అమ్మా. మీరు అనుకుంటున్నది డోర్ మెటల్ డిటెక్టర్, అది రైల్వే స్టేషన్లో, కోర్టు గుమ్మంలో, మాల్ మెయిన్ ఎంట్రన్స్‌లో ఉంటుంది, దానికి లోహం అయితే చాలు, తాళాలైనా గాజులైనా ఒకటే. షాపు గుమ్మంలో ఉండే స్తంభాల పని వేరు. వాటికి మీ ఒంటిమీద బంగారంతో పనిలేదు, సరుకుకి అంటించిన ఒక చిన్న ట్యాగ్ కోసమే వెతుకుతాయి. ఆ ట్యాగ్ బతికుంటే అరుస్తాయి, కౌంటర్ దగ్గర దాన్ని చంపేసి ఉంటే నోరు మూసుకుంటాయి. మీరు డబ్బు కట్టారా లేదా అన్నది వాటికి తెలిసే దారే లేదు, మామూలు షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్‌కీ గేటుకీ అసలు మాటలే ఉండవు. అందుకని అలారం మోగింది అంటే "ఇక్కడెక్కడో బతికున్న ట్యాగ్ ఉన్నట్టుంది" అని మాత్రమే అర్థం, "ఈవిడ దొంగ" అని కాదు. ఈ తేడా ఆ సెక్యూరిటీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు.

షాపుల్లో ఎక్కువగా వాడేవి రెండు రకాలు. ఒకటి తెల్లటి ప్లాస్టిక్ ముక్క, నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉంటుంది, పైన బార్‌కోడ్ లాంటి గీతలు కూడా ఉంటాయి కానీ చాలావాటి మీద అవి ఉత్తుత్తి గీతలే, స్కాన్ చేస్తే ఏమీ రాదు. క్రీము డబ్బా లోపలో పెర్ఫ్యూమ్ అట్టపెట్టె లోపలో చూసే ఉంటారు. ఇంట్లో ఒకటి దొరికితే బ్లేడుతో అంచు కోసి చూడండి, లోపల మెరిసే సన్నటి రేకు ఒకటో రెండో వదులుగా కదులుతూ ఉంటాయి, వాటికి పక్కనే ఇంకో రేకు కదలకుండా అంటించి ఉంటుంది, అది అయస్కాంతం. గేటు 58 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ (అంటే సెకనుకి 58 వేల కంపనాలు) దగ్గర సెకనుకి 50 నుంచి 90 సార్లు చిన్న చిన్న సిగ్నల్స్ పంపి ఆగుతుంది, ఆగిన ఆ కాస్త సేపట్లో వింటుంది. గుళ్ళో గంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా మోగుతూ ఉన్నట్టు ఆ వదులు రేకు గేటు ఆగిపోయాక కూడా అదే ఫ్రీక్వెన్సీలో కంపిస్తూ ఉంటుంది, అది దొరికిందంటే అలారం. పక్కనున్న అయస్కాంతం బలం పోతే మాత్రం రేకు ఆ ఫ్రీక్వెన్సీ నుంచి పక్కకి జరిగిపోతుంది, గేటుకి వినపడదు. కౌంటర్ మీద క్యాషియర్ సరుకుని ఇట్లా ఒకసారి రుద్ది తీస్తాడు చూడండి, ఆ ప్యాడ్ చేసే పని అదే, అయస్కాంతం బలం తీసెయ్యడం.

రెండోది కాగితం స్టిక్కర్, నాలుగు సెంటీమీటర్లకి అటూ ఇటూగా చదరంగా ఉంటుంది, లైటుకి అడ్డం పెడితే లోపల అల్యూమినియం గీత చుట్టలు చుట్టుకుని కనపడుతుంది. ఇది 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర స్పందించే చిన్న సర్క్యూట్. దీని ప్యాడ్ వేరే, అది గట్టి సిగ్నల్ ఇచ్చి ఆ సర్క్యూట్‌లో కావాలని పలచగా వదిలిన చోట షార్ట్ చేసేస్తుంది. ఇవి రెండూ కాక బట్టలకి పిన్నుతో గుచ్చే గట్టి ప్లాస్టిక్ ట్యాగులు ఉన్నాయి, వాటిని చంపరు, కౌంటర్ దగ్గర ఊడదీసి మళ్ళీ వాడుకుంటారు.

ఇప్పుడు మీ ఫ్రాకుల సంగతికి వద్దాం. నన్నడిగితే ఇలాంటి కేసుల్లో మొదట అనుమానించాల్సింది క్యాషియర్ చేతిని. ప్యాడ్ ప్రభావం దాని పైన కొన్ని సెంటీమీటర్ల వరకే, పండగ సీజన్లో రాత్రి తొమ్మిదింటికి వెనక పదిమంది లైన్లో ఉండి "బాబూ త్వరగా" అంటుంటే ఆ పిల్లాడు మూడు బట్టలూ ఒకదాని మీద ఒకటి మడిచి ఒకేసారి ప్యాడ్ మీద ఆడించేస్తాడు, అడుగున ఉన్నది చస్తుంది, పైన మడతలో ఉన్నది బతికిపోతుంది. ఇంకో సంగతి ఏంటంటే స్కానర్ పీప్ అనడం వేరు, ట్యాగ్ చావడం వేరు. పీప్ అంటే బిల్లులోకి ఎక్కిందని మాత్రమే. మనం పీప్ విని అయిపోయింది అనుకుంటాం, కొత్తగా చేరిన క్యాషియర్లు కూడా అట్లాగే అనుకుంటారు.

దాని తర్వాత దాక్కున్న రెండో ట్యాగ్. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే ట్యాగ్ లోపల పెట్టి పంపిస్తాయి, షాపు వాళ్ళు పైన ఇంకోటి అంటిస్తారు, కౌంటర్లో పైది చస్తుంది లోపలిది చావదు. అదీ కాకపోతే చచ్చిన ట్యాగ్ తిరిగి లేవడం, ఇది నిజంగా జరిగేదే. ప్లాస్టిక్ ముక్క రకాన్ని బలమైన అయస్కాంతం దగ్గరికి తెస్తే పోయిన బలం మళ్ళీ రావచ్చు, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగ్‌కి ఉండే అయస్కాంతం బటన్ గుర్తుచేసుకోండి. కాగితం స్టిక్కర్ అయితే నలిగినప్పుడు, వంగినప్పుడు లోపల పడ్డ షార్ట్ విడిపోయి మళ్ళీ పనిచేయడం మొదలెడుతుంది.

చివరిది మనవాళ్ళ నడక. ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ, స్ట్రోలర్, నాలుగు కవర్లు, అందరూ ఒకేసారి గుమ్మంలోంచి బయటికి, అదే టైంలో ఇంకో కుటుంబం లోపలికి. గేటు మధ్యలో ఉన్నవాళ్ళలో ట్యాగ్ ఎవరి దగ్గరుందో మామూలు గేటు చెప్పలేదు, మోగగానే సెక్యూరిటీ కళ్ళు కవరు పట్టుకుని బయటికొచ్చేవాళ్ళ మీదే పడతాయి. ఆ రోజు మీకు ఎదురుగా ఎవరైనా లోపలికి వస్తున్నారేమో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఈసారి మోగితే ఆగండి, పక్కకి జరగండి, బిల్లు చేతిలో పెట్టుకుని ఒకే మాట చెప్పండి, "ఒక్కో వస్తువు విడిగా గేటులోంచి తీసుకెళ్ళి చూడు బాబూ" అని. ముందు ఖాళీ చేతుల్తో మీరు, తర్వాత హ్యాండ్‌బ్యాగ్, తర్వాత ఒక్కో డ్రెస్సు. ఎక్కడ మోగితే ట్యాగ్ అందులో ఉంది, దాన్ని కౌంటర్‌కి తీసుకెళ్ళి మళ్ళీ ప్యాడ్ మీద పెట్టిస్తే అయిపోయింది. రెండు నిమిషాల పని. బ్యాగ్ బోర్లిస్తే లిప్‌స్టిక్కులూ ఆధార్ కార్డులూ బయటపడతాయి కానీ ప్యాంటు కుట్టులో దాక్కున్న ట్యాగ్ ఎట్లా కనపడుతుంది చెప్పండి.

ప్రశ్న: గేటు మోగిందని సెక్యూరిటీ వాళ్ళు మనల్ని ఆపొచ్చా? గదిలోకి తీసుకెళ్ళి జేబులు వెతికే హక్కు వాళ్ళకి ఉందా?
- గవర్నర్‌పేట నుంచి ఒకరు

జవాబు: అడగొచ్చు, అంతవరకే. "సార్ ఒకసారి బిల్లు చూపిస్తారా" అంటే చూపించడంలో నష్టం లేదు, నేనైతే చూపిస్తాను. కానీ సెక్యూరిటీ గార్డు పోలీసు కాదు, మీ ఒంటిమీద చెయ్యి వేసి వెతికే అధికారం అతనికి లేదు. మామూలు మనిషి ఇంకో మనిషిని పట్టుకోవడం గురించి చట్టంలో ఉంది, భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్, అది కూడా తన కళ్ళముందే నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యగలిగే) నేరం జరిగితేనే, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడైతేనే, పట్టుకున్నాక ఆలస్యం చెయ్యకుండా, ఎట్టి పరిస్థితుల్లో ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. యంత్రం కుయ్యిమనడం కళ్ళముందు నేరం జరగడం కాదు కదా.

అదేమీ పట్టించుకోకుండా మిమ్మల్ని గదిలో పెట్టి తలుపేస్తే కథ తిరగబడుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మనిషిని వెళ్ళనివ్వకుండా అక్రమంగా అడ్డుకోవడం 126వ సెక్షన్, దానికి నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఒకచోట నిర్బంధించడం 127వ సెక్షన్, దానికి ఏడాది వరకు జైలు ఉంది. షాపు మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండు నంబర్లు మెల్లగా, అరవకుండా పలికితే చాలు, గొంతు మారిపోతుంది. అప్పటికీ వినకపోతే 112కి ఫోన్ చేసి పోలీసుల ముందే వెతకమనండి, సీసీ కెమెరా ఫుటేజ్ చెరపకుండా ఉంచమని మేనేజర్‌కి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడా ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఒక్క మాట మాత్రం మనవైపు నుంచి. ఫోన్‌పే కొట్టేశాం కదా అని బిల్లు తీసుకోకుండా వచ్చేస్తున్నారు చాలామంది. ఫోన్లో మెసేజ్ డబ్బు వెళ్ళిందని చెప్తుంది కానీ దేనికి వెళ్ళిందో చెప్పదు. ఆ కాగితం ముక్క గుమ్మం దాటేదాకా అయినా జేబులో ఉంచుకోండి.

ప్రశ్న: అన్నా, నేను గుంటూరులో బీటెక్ చదువుతున్నా. కొత్త షూస్ ఆన్‌లైన్లో కొన్నా. అవి వేసుకుని ఏ షాపుకెళ్ళినా లోపలికి పోయేటప్పుడే గేటు మోగుద్ది, ఫ్రెండ్స్ నన్ను దొంగ అనే పిలుస్తున్నారు. లోపలికి పోయేటప్పుడు మోగడమేంటి?
- అరండల్‌పేట

జవాబు: షూ లోపల పాదం కింద ఉండే మెత్త పైకి ఎత్తి చూడు తమ్ముడూ, తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఉండే అవకాశం చాలా ఉంది. పైన చెప్పాను చూడు ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారని, అదే ఇది. గేటు ఉన్న షాపులో కొంటే కౌంటర్లో చంపేవాళ్ళు, గోడౌన్ నుంచి నేరుగా ఇంటికొచ్చిన పెట్టెని ఎవరు చంపుతారు? అందుకే బతికున్న ట్యాగ్‌ని పాదం కింద పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావ్. పీకి పారెయ్, అయిపోద్ది. షూస్ ఒక్కటే కాదు, బ్యాగుల లోపలి జేబులో, జీన్స్ లోపలి కుట్టులో కూడా పెడతారు, బట్టల్లో అయితే చిన్న గుడ్డ లేబుల్‌లా ఉండి దానిమీద కత్తెర బొమ్మ ఉంటుంది, వేసుకునే ముందు కత్తిరించెయ్యమని. మనం దాన్ని ఉతికే సూచనల కాగితం అనుకుని వదిలేస్తాం.

లోపలికి వెళ్ళేటప్పుడు మోగడం నిజానికి నీకు మంచిదే, ట్యాగ్ బయటినుంచి తెచ్చావని గుమ్మంలోనే తేలిపోయింది. అక్కడే సెక్యూరిటీకి చెప్పి లోపలికెళ్ళు. అప్పుడు నవ్వి ఊరుకుని, తిరిగొచ్చేటప్పుడు మోగితే మాత్రం వాదించుకుంటూ కూర్చోవాలి.

ప్రశ్న: నమస్తే అండి. గుంటూరు బ్రాడీపేటలో మాకు రెడీమేడ్ షాపు ఉంది. ఈమధ్యే 58 కిలోహెర్ట్జ్ గేటు పెట్టించాం. ఎవరూ లేకపోయినా దానంతట అదే మోగుద్ది, రాత్రిపూట ఇంకా ఎక్కువ. కస్టమర్లు బెదిరిపోతున్నారు, మా స్టాఫ్ అసలు పట్టించుకోవడం మానేశారు. కంపెనీ అతను వచ్చి సెన్సిటివిటీ తగ్గించి పోయాడు, రెండ్రోజులకి మళ్ళీ మామూలే. ఏం చెయ్యమంటారు?

జవాబు: స్టాఫ్ పట్టించుకోవడం మానేశారంటే ఆ గేటు ఇప్పుడు ఉన్నా లేనట్టే అండి, కాబట్టి సెన్సిటివిటీ తగ్గించడం పరిష్కారం కాదు, అది నొప్పికి మాత్ర లాంటిది కూడా కాదు, తగ్గించేకొద్దీ నిజమైన ట్యాగులు కూడా దాటిపోతాయి. కారణం పట్టుకోవాలి.

రాత్రిపూట ఎక్కువ అన్నారు కదా, మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన ముక్క అదే. రాత్రి కొత్తగా వెలిగేవి ఏంటి? బయట ఎల్ఈడీ బోర్డు, షోకేసులో లైట్ల పట్టీలు, వాటి వెనకుండే డ్రైవర్లు, అంటే లైట్లకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టెలు. నాసిరకం డ్రైవర్, అడాప్టర్ ఏదైనా సరే కరెంటు మార్చే క్రమంలో పదుల కిలోహెర్ట్జ్‌లో రొద చేస్తుంది, గేటు వినేది కూడా 58 దగ్గరే కదా. షాపు మూసేసే టైంలో ఒక అరగంట ఆగండి. అన్ని లైట్లూ ఆపేసి గేటు ఒక్కటే ఆన్‌లో ఉంచి చూడండి, ప్రశాంతంగా ఉందా? ఇప్పుడు ఒక్కో స్విచ్ వేసుకుంటూ రండి, బోర్డు, షోకేసు, ఏసీ, బిల్లింగ్ సిస్టమ్, ప్రింటర్ అడాప్టర్, సీసీ కెమెరా బాక్స్. ఏది వేసినప్పుడు మొదలెట్టిందో అదే దొంగ. దాన్ని మంచి కంపెనీదానితో మార్చండి, లేకపోతే గేటుకి దూరంగా జరపండి. గేటుకి, బోర్డుకి ఒకే లైను ఇచ్చి ఉంటే గేటుకి విడిగా లైను లాగించి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

అన్నీ ఆపేసినా మోగుతుందంటే అప్పుడు ట్యాగుల కోసం వెతకండి. గుమ్మం పక్కన బొమ్మకి తొడిగిన చీర, డ్రెస్సు, దానికి ట్యాగ్ ఉందేమో చూడండి. డిస్కౌంట్ స్టాండు జనానికి కనపడాలని గేటుకి ఆనించి పెడతారు మనవాళ్ళు, దాన్ని కనీసం రెండు మీటర్లు లోపలికి జరపండి. చెత్తబుట్ట, కౌంటర్ కింద సొరుగు, చివరికి గేటు స్తంభం అడుగున కూడా చూడండి, ఊడదీసిన స్టిక్కర్లు కుర్రాళ్ళు అక్కడే అంటించేస్తుంటారు. చీపురుతో ఊడ్చినప్పుడు డోర్‌మ్యాట్ కిందికి పోయిన ముక్క ఒక్కటి చాలు. మ్యాట్ ఎత్తి చూడకుండా కంపెనీ అతనికి ఫోన్ చెయ్యకండి, విజిటింగ్ చార్జీ దండగ.

ఇంకోటి పక్క షాపు. మీ పక్కన కూడా అదే రకం గేటు పెట్టి ఉంటే రెండూ ఒకే టైంలో పంపి ఒకే టైంలో ఆగేలా కలిపి సెట్ చెయ్యాలి. లేకపోతే మీది వినే టైంకి వాళ్ళది పంపుతూ ఉంటుంది, మీది దాన్నే ట్యాగ్ అనుకుంటుంది. ఇది కంపెనీ మనిషి చెయ్యాల్సిన పని, సెన్సిటివిటీ తిప్పేసి వెళ్ళడం కాకుండా ఇది చూశారా అని అడగండి.

అట్లాగే మీ స్టాఫ్‌కి ఒక మాట నేర్పించండి, అలారం మోగితే "ఆగండి, బ్యాగ్ చూపించండి" కాదు, "సారీ అండి, మావాళ్ళు ట్యాగ్ తియ్యడం మర్చిపోయినట్టున్నారు, ఒక్క నిమిషం" అని. తొంభై తొమ్మిది మందికి అది నిజం, ఆ ఒక్కడికి కూడా తప్పించుకునే దారి లేదు, అతను కూడా కౌంటర్‌కి రావాల్సిందే.

ప్రశ్న: మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇలాంటి గేట్లలోంచి వెళ్ళొచ్చా?
- ఒక కూతురు, తెనాలి

జవాబు: మోకాళ్ళ విషయంలో భయం లేదు, లోపలి లోహం మెటల్ డిటెక్టర్ దగ్గర మోగించొచ్చు కానీ షాపు గేటుకి దాంతో పనిలేదు. పేస్‌మేకర్‌కి ఒక జాగ్రత్త ఉంది. మామూలు నడకతో దాటి వెళ్ళిపోతే ఇబ్బంది ఉండదు, ఆ స్తంభాల మధ్యే నిలబడిపోవడం, వాటికి ఆనుకుని నిలబడటం మాత్రం చెయ్యకూడదు, ఎక్కువసేపు దగ్గరగా ఉంటే ఆ సిగ్నల్ పేస్‌మేకర్ పనిలో జోక్యం చేసుకునే వీలుంది. మన షాపుల్లో చెప్పులు విప్పే బెంచీ, పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ సరిగ్గా గేటు పక్కనే వేస్తారు, నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టకండి. అలారం మోగినా గేటు మధ్యలో ఆగి మాట్లాడొద్దని చెప్పండి, నాలుగడుగులు పక్కకొచ్చి మాట్లాడాలి. తల తిరిగినట్టు, గుండె దడగా అనిపిస్తే వెంటనే అక్కడినుంచి దూరంగా తీసుకొచ్చెయ్యండి. ఆస్పత్రిలో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి, ఆయన డాక్టర్ గారిని కూడా ఒకసారి అడగండి.

ప్రశ్న: నాది రివర్స్ కేసు సార్. ఇంటికొచ్చాక చూస్తే చీరకి గుండ్రటి ప్లాస్టిక్ ట్యాగ్ అట్టానే ఉంది, గేటు అస్సలు మోగలేదు. రేపు పెళ్ళికి కట్టుకోవాలి. కటింగ్ ప్లేయర్‌తో పీకమంటారా?
- కొత్తపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా వద్దు. కొన్నిట్లో సిరా గొట్టాలు ఉంటాయి, విరగ్గొడితే పగిలి చీర మీద పడుతుంది, ఇక అది పోదు. సిరా లేనిదైనా పిన్ను లాగితే పట్టు దారం లేచొస్తుంది. గేటు ఎందుకు మోగలేదంటారా, ఆఫ్ చేసి ఉండొచ్చు, చాలా షాపుల్లో ఆ స్తంభాలు అలంకారానికే నిలబడి ఉంటాయి, లేదా మడతల మధ్య ట్యాగ్ అడ్డంగా తిరిగి సిగ్నల్ సరిగ్గా అంది ఉండకపోవచ్చు. బిల్లు, చీర రెండూ తీసుకుని ఇవాళే షాపుకెళ్ళండి, వాళ్ళ దగ్గర గట్టి అయస్కాంతం ఉన్న గిన్నె లాంటిది ఉంటుంది, అందులో పెడితే లోపల పిన్నుని పట్టుకున్న బంతులు వదిలేస్తాయి, ఒక్క క్షణంలో ఊడొస్తుంది. వెళ్ళే ముందు ఫోన్ చేసి చెప్పి వెళ్ళండి, ఎందుకంటే ట్యాగ్ ఉన్న చీరతో లోపలికి అడుగుపెట్టగానే ఈసారి మాత్రం తప్పకుండా మోగుతుంది.